ఇకపై అందరికన్నా నెమ్మదిగా నడిచేవారే ముందు

మాతో కొండలెక్కిన వాళ్లకీ, ఈ సీజన్‌కి బుక్ చేసుకున్న వాళ్లకీ నమస్కారం. ట్రెక్‌లు నడిపే పద్ధతి మారుస్తున్నాను. ఎందుకో ముందు చెప్పాలి.

పోయిన సీజన్ చివరి బ్యాచ్‌లో ఒక కుటుంబం, వాళ్ల స్నేహితులు కలిపి 11 మంది వచ్చారు. కొండ మీది సరస్సు దాకా వెళ్లి సాయంత్రానికి దిగిపోవాలి. కుర్రాళ్లు హుషారుగా ముందుకు సాగిపోతే నేనూ వాళ్లతో వెళ్లిపోయాను, వెనక గైడ్ ఉన్నాడన్న ధీమాతో. ఆ ఇంటి పెద్దావిడ మోకాలి నొప్పితో ఆగిపోయారు. గైడ్ ఆవిడ దగ్గరే ఉండిపోయాడు. మధ్యలో ఇద్దరు పిల్లలు అటు మాకూ ఇటు వాళ్లకీ కనపడకుండా దాదాపు 40 నిమిషాలు వాళ్లంతట వాళ్లే నడిచారు. దారి చీలిన చోట సరైన వైపే తిరిగారు కాబట్టి ఏమీ కాలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ రోజే క్షమాపణ చెప్పి డబ్బు తిరిగి ఇచ్చేశాను.

వెళ్లేటప్పుడు ఆవిడ, "సరస్సు చూడలేదని బాధ లేదు బాబూ, అందరం కలిసి నడుస్తామనుకుని వచ్చాను" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

కూర్చుని నా పాత షెడ్యూళ్లన్నీ తీసి చూశాను. వాటిలో టైమంతా నైస్మిత్ లెక్క ప్రకారం వేసింది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం అది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. నడక అలవాటున్న మనిషి ఆగకుండా నడిస్తే సరిపోయే లెక్క. ఏడేళ్ల పాపకీ, అరవై దాటిన తాతగారికీ అదే వేశాను! ఇప్పుడు కుటుంబాల బ్యాచ్‌లకు ఆ టైమ్‌ని రెట్టింపు చేశాను. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ముందుంటారు, వాళ్ల వెనకే మిగతావాళ్లు. దారి చీలిన ప్రతిచోటా చివరి మనిషి వచ్చేదాకా అందరూ ఆగాలి.

ఎక్కడున్నా మధ్యాహ్నం ఒంటిగంటకు వెనక్కి తిరుగుతాం. సరస్సు ఎదురుగా కనిపిస్తున్నా సరే. ఎండకు వేడెక్కిన గాలి వాలు వెంట పైకి లేచి మధ్యాహ్నం తర్వాత ఉరుములు, మెరుపులతో వాన తెస్తుంది. సరస్సు ఒడ్డున, కొండ అంచున తలదాచుకునే చోటు ఉండదు.

రాత్రి బస ఉన్న ట్రెక్‌లకు ఒక రోజు పెరిగింది. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. ఎత్తు పడక తలనొప్పి వచ్చినా చిన్నపిల్లలు సరిగ్గా చెప్పలేరు. తిండి వద్దని, ఆడుకోకుండా చిరాకుపడుతుంటే మాకు చెప్పండి. ఎత్తు పడకపోతే అసలు మందు కిందికి దిగడమే.

సరస్సులో ఈతకి ఒప్పుకోవట్లేదు, ఎంత ఈతగాళ్లయినా. మంచు కరిగిన నీళ్లలోకి ఒక్కసారిగా దిగితే ఊపిరి మన అదుపు తప్పుతుంది, మొదటి నిమిషంలోనే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒడ్డున కూర్చుని కాళ్లు పెట్టుకోండి, చాలు. ఇదివరకు అక్కడ పావుగంట ఉంటే ఎక్కువ, ఇప్పుడు గంటన్నర ఉంటాం. ఆ నీలిపచ్చ రంగు ఎక్కడిదో పిల్లలకు తీరిగ్గా చెప్పొచ్చు: హిమానీనదం రాళ్లను పిండిలా నూరితే, ఆ పొడి నీళ్లలో తేలుతూ వెలుగును అలా చెదరగొడుతుంది. గ్లాసులో పట్టి చూపిస్తే నీళ్లు మసకగా ఉంటాయి. ఆ మసక చూసి పిల్లలు వేసే ప్రశ్నలు నాకు చాలా ఇష్టం.

బ్యాచ్‌కి ఇక 8 మందే, ఇద్దరు గైడ్‌లు. దానివల్ల ధర పెరుగుతోంది, తప్పలేదు. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లకు పాత ధరే. ఈ పద్ధతి నచ్చనివాళ్లు అడిగితే మొత్తం తిరిగి ఇస్తాను, కారణం చెప్పక్కర్లేదు. వేగంగా నడవాలనుకునే స్నేహితులకు విడిగా బ్యాచ్ పెడుతున్నాను.

బుక్ చేసేటప్పుడు మీలో అందరికన్నా పెద్దవారి వయసు, చిన్నవారి వయసు, మోకాళ్ల నొప్పి, ఆస్తమా లాంటివి దాచకుండా చెప్పండి. రావద్దంటానేమోనని టెన్షన్ పడకండి. దాన్నిబట్టి దారి ఎంచుకునే పని నాది.