సింగపూర్ నుంచి న్యూయార్క్: నీ స్కేలు ఎక్కడ తప్పిందంటే

ఒరేయ్,

ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరూ బాగున్నారు, వానలు, పని, మామూలే. నీ పుస్తకం ఈసారి నిజంగానే పంపిస్తా. అసలు సంగతికొస్తా. సింగపూర్, న్యూయార్క్ మధ్య దూరాన్ని గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలిచానని రాశావే!

భూమి గుండ్రం, మ్యాపు చదును, స్కేలు అవతల పారెయ్. కాగితం, పెన్ను చాలు. సింగపూర్ తూర్పు రేఖాంశం 104 డిగ్రీలు, న్యూయార్క్ కెనడీ విమానాశ్రయం పడమర 74. కలిపితే 178. అంటే భూమిని గుమ్మడికాయ అనుకుంటే, ఈ రెండూ దాదాపు ఎదురెదురు చారల మీదున్నాయి. కాబట్టి దగ్గరి దారి తూర్పూ కాదు, పడమరా కాదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి! సింగపూర్ అక్షాంశం 1.4, అక్కణ్నుంచి ధ్రువానికి 88.6 డిగ్రీలు. న్యూయార్క్ 40.6లో ఉంది, అవతలికి దిగడానికి 49.4. మొత్తం 138. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు (ఓడలకీ విమానాలకీ వాడే మైళ్లు), అంటే 8,280. దాన్ని 1.852తో గుణిస్తే 15,335 కిలోమీటర్లు. పక్కాగా కొలిచినా 15,350కి అటూ ఇటూనే, భూమి అచ్చంగా గుండ్రటి బంతి కాదు కదా. చాలామంది ఇక్కడే మామూలు మైలనుకుని 1.609తో గుణిస్తారు, రెండువేల కిలోమీటర్లు గల్లంతు! ఈ చిట్కా అన్ని ఊళ్లకీ కుదరదు సుమా, రేఖాంశాల తేడా 180 దగ్గరుంటేనే.

ఇక టైము. గంటకి 900 కిలోమీటర్ల చొప్పున పదిహేడు గంటలు. కానీ టికెట్ మీద పద్దెనిమిదిన్నర దాకా ఎందుకుంటుంది? రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం అందులోనే కలుస్తాయి. పైగా విమానం మనం లెక్కేసిన దారినే పోదు. వెళ్లేటప్పుడు తరచూ పసిఫిక్ మీదుగా, పైన పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే జెట్ గాలిని వెనకేసుకుని పోతుంది. దూరం వెయ్యి కిలోమీటర్లకి పైగా పెరిగినా ఆ గాలి తోపుతో గిట్టుబాటే. అంత దూరం కోసమే చేసిన ఎయిర్‌బస్ విమానం ఎ350-900 యూఎల్ఆర్ ట్యాంకుల్లో 1,65,000 లీటర్ల దాకా ఇంధనం నింపొచ్చు, సింగపూర్ ఎయిర్‌లైన్స్ అందులో సీట్లు 161కే కుదించింది. బరువు మరి.

గడియారం దగ్గర బోల్తా పడకు. వేసవిలో తేడా సరిగ్గా 12 గంటలు, చలికాలం 13. వేసవిలో రాత్రి 11:30కి సింగపూర్‌లో బయల్దేరిందనుకో, పద్దెనిమిదిన్నర గంటలు కలిపి పన్నెండు తీసెయ్, మర్నాడు పొద్దున్న 6. చూసేవాడికి ఆరున్నర గంటల ప్రయాణమే! తిరుగు ప్రయాణంలో రాత్రి 10:30కి ఎక్కితే దిగేది ఎల్లుండి తెల్లారి 5కి. హోటల్ బుక్ చేసేవాళ్లు ఒక రోజు తప్పేది ఇక్కడే.

అన్నట్టు ధ్రువం దారిలో ఇంకో తంటా. అమెరికాలో పోసే జెట్ ఎ ఇంధనం మైనస్ 40కి గడ్డకడుతుంది, మిగతా చోట్ల దొరికే జెట్ ఎ-1 అయితే మైనస్ 47 దాకా ఆగుతుంది. అందుకే ట్యాంకు ఉష్ణోగ్రత మీద పైలట్ ఓ కన్నేసి ఉంచాలి. మరీ పడిపోతే కిందికి దిగడమో, వేగం పెంచడమో. వేగం పెంచితే ఎందుకు వేడెక్కుతుందంటే... అయ్యో, పోస్టు డబ్బా తెరిచే వేళయింది. ఉంటా.