ఈల వేశాం సరే, ఓటు ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

చిన్న పార్టీల మీద మీరు ఈమధ్య వేసిన వ్యాసంలో ఈల గుర్తు పార్టీ లోక్‌సత్తా ప్రస్తావన ఒక్క ముక్కలో ముగిసింది: మంచి పార్టీయే, జనం ఆదరించలేదు. జనం మీదకు నెట్టేయడం తేలికే. కానీ ఆ జనంలో ఎవరున్నారో కూడా చూడాలి కదా.

జయప్రకాశ్ నారాయణ్ (జేపీ) ఐఏఎస్ వదులుకుని మొదలుపెట్టిన ఉద్యమం 2006 అక్టోబరు 2న పార్టీ అయింది. అభ్యర్థులు ఆస్తులు, కేసులు బయటపెట్టాలని సుప్రీంకోర్టుకెక్కిన సంస్థల్లో లోక్‌సత్తా ఒకటి. దామాషా ఎన్నికలు (వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు), స్థానిక సంస్థలకు నిధులు, అధికారాలు ఆ పార్టీ ప్రధాన డిమాండ్లు. 2009 అసెంబ్లీ ఎన్నికల్లో రెండొందలకు పైగా స్థానాల్లో నిలబడితే, మొత్తంగా వచ్చినవి రెండు శాతం లోపు ఓట్లు; గెలిచింది జేపీ నిలబడిన హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ఒక్కటే. అదే ఏడాది నవంబరులో జరిగిన హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో మాత్రం ఒక్క డివిజన్ కూడా దక్కలేదు. జేపీకి పడిన ఓటు పార్టీకి పడలేదన్నమాట. బూత్ దగ్గర కూర్చునే మనిషి లేకుండా టీవీ చర్చలతో ఎంతకాలం నెట్టుకొస్తారు? 2016లో ఎన్నికలకు దూరంగా ఉంటామని వాళ్లే ప్రకటించారు.

ఇక మా బెంగళూరు సంగతి. 2013 అసెంబ్లీ ఎన్నికల్లో ఇక్కడి బొమ్మనహళ్లి నుంచి అశ్విన్ మహేశ్ లోక్‌సత్తా తరఫున పోటీ చేసి ఓడిపోయారు. అటువైపు తెలుగువాళ్లకు కొదవలేదు. ఈల గుర్తు పార్టీ అంటే ఇష్టపడే చదువుకున్న ఉద్యోగులూ బోలెడుమంది. వీళ్లలో చాలామంది ఓటు గుంటూరులోనో అనంతపురంలోనో ఉంది. పోలింగ్ రోజు ఊరెళ్లరు, ఇక్కడ జాబితాలో పేరుండదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం నీళ్ల ట్యాంకర్ల మీద, గుంతల రోడ్ల మీద రాత్రి దాకా వాదన. (నేనూ ఆ గ్రూపుల్లో ఉన్నాను లెండి.)

స్థానిక పాలన గురించి లోక్‌సత్తా చెప్పినదాని విలువ తెలియాలంటే ఈ నగరాన్ని చూస్తే చాలు. 2020 సెప్టెంబరులో పాలికె (నగరపాలక సంస్థ) సభ్యుల గడువు తీరాక ఏళ్ల తరబడి ఎన్నికలే లేవు, అంతా అధికారుల పాలనే. 2025లో పాలికెను ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. వార్డు ఎన్నికల్లో కొన్ని వందల ఓట్లే ఫలితాన్ని తారుమారు చేయగలవు. చిన్న పార్టీకైనా, స్వతంత్రుడికైనా ఆశ ఉండేది అక్కడే.

ఇక్కడి తెలుగు సంఘాలకు నాదొక విన్నపం. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో భోజనాల కౌంటర్ పక్కన ఒక బల్ల వేయండి. ఓటు ఇక్కడికి మార్చుకునే ఫారం 8 నింపించండి. రెండు చోట్ల ఓటు ఉండటం చట్టవిరుద్ధమన్న సంగతీ చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, బెంగళూరు