ఓర్వియేటో బావి, మన గుత్తి కోట

రేయ్ మామా,

ఎట్లున్నావ్? నేను మొన్న ఆదివారం అనంతపురం చేరినా. నిద్ర ఇంకా దారికి రాలేదు, అర్ధరాత్రి రెండింటికి లేచి కూర్చొని నీకు రాస్తున్నా. ఫోన్ చేస్తే సరిపోయేది గానీ ఇది నిదానంగా చెప్పాల్సిన సంగతి.

ఆరేళ్ల కింద ఇటలీలో కొండ మీది ఊరొకటి చూసినా అని చెప్పినా కదా, ఓర్వియేటో, మళ్లీ అక్కడికే పోయొచ్చినాం. మా తమ్ముడే మ్యూనిక్ నుంచి కారు తోలినాడు. చూడని ఊర్లు ఇన్ని ఉంటే మళ్లీ అదే ఎందుకన్నా అని దారంతా అడుగుతానే ఉన్నాడు. పోయినసారి మేం చేరేసరికి పొద్దుగూకి, అక్కడి పెద్ద బావి మూసేసినారు, గేటు దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చినా. అప్పటి నుంచి ఆ బావి నా మనసులోంచి పోలేదురా.

ఫ్లోరెన్స్ నుంచి రోమ్ పోయే హైవేలో ఆ ఊరు దూరం నుంచే కనిపిస్తుంది. చుట్టూ ద్రాక్షతోటలు, నడుమ నిట్టనిలువు బండ, దాని నెత్తిన ఇళ్లు. అగ్నిపర్వతం బూడిద గట్టిపడి అయిన రాయి అది, తొలిస్తే తేలిగ్గా వస్తుందట, ఊరి కిందంతా గుహలే, వాటి గోడల్లో పావురాలకు గూళ్లు కూడా చెక్కినారు. కారు కింద పెట్టి ఎస్కలేటర్ ఎక్కి పోయినాం. 1290లో మొదలుపెట్టిన పెద్ద చర్చి ఉంది, నల్లా తెల్లా చారల గోడలు, సాయంత్రం ఎండకు ముందు భాగం బంగారంలా మెరుస్తుంది. చాలామంది దానికోసమే వస్తారు. నాకు బావే ముఖ్యం.

1527లో సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ పారిపోయి ఈ ఊర్లో తలదాచుకున్నాడు. శత్రువు కొండ చుట్టూ దిగితే తాగడానికి నీళ్లెట్లా అనే భయంతో బావి పని మొదలుపెట్టించినాడు. అది 1537కు పూర్తయింది, అప్పటికే ఆయన పోయినాడు. 53 మీటర్ల లోతు. దిగడానికొక దారి, ఎక్కడానికొక దారి, రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి గానీ దారిలో ఎక్కడా కలవవు. ఖాళీగా దిగే కంచరగాడిదలు, నీళ్లు మోసుకొని ఎక్కేవి ఎదురుపడకూడదని అట్లా కట్టినారు. ఒక్కో దారికి 248 మెట్లు, గాడిద కాలు ఆనేలా వెడల్పుగా, పొట్టిగా. నడిమి గుండంలోకి 70 కిటికీలు, పైనుంచి పడే వెలుతురు వాటిలోంచి లోపలికి వస్తుంది, దిగే కొద్దీ పచ్చగా, పల్చగా అయిపోతుంది. అడుగున నీళ్ల మీద చిన్న వంతెన ఉంది, అది దాటితే ఎక్కే దారి.

ఆ వంతెన మీద నిలబడితే మా తాత కపిల బావి గుర్తొచ్చింది. ఎద్దులు వాలులో దిగుతా బాన పైకి లాగేవి, మళ్లీ అదే వాలులో వెనక్కి అడుగులేసుకుంటా రావాల. ఆ వెనక్కి నడిచే బాధ ఎంతో నీకూ తెలుసు. ఇక్కడెవరో నోరులేని జీవం వెనక్కి తిరగకుండా బావినే రెండు దారులు చేసినారు. కళ్లలో నీళ్లు తిరిగినాయిరా.

ఇంకా గుర్తొచ్చింది మన గుత్తి. 1776లో హైదర్ అలీ చేతికి కోట పోయింది నీళ్లు అయిపోయే కదా, కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారి రావు అన్ని రోజులు నిలబడి చివరికి దాహానికి లొంగినాడు. తొమ్మిదో తరగతిలో మనం చెనిక్కాయలు జేబులో పోసుకొని కోట ఎక్కినప్పుడు, ఎండిన గుంట అంచున కూర్చొని సార్ ఈ కథే చెప్పినారు. అప్పుడు మనకు గుంట గుంటలాగే కనపడింది. ఇప్పుడు తలుచుకుంటే గుండె పట్టేస్తుంది.

సంక్రాంతికి వస్తావు కదా. తెల్లవారకముందే బయల్దేరి గుత్తి కోట ఎక్కుదాం, పైనున్న గుంటలన్నీ ఒక్కొక్కటే దగ్గరికి పోయి చూడాల. దిగినాక ఉగ్గాని తిందాం. నీ మోకాలు నొప్పి ఎట్లుందో రాయి, దాన్ని బట్టి ఎన్నింటికి బయల్దేరాలో చూస్తా.