వియారెజ్జో కార్నివాల్‌లో మా పాపను నవ్వించిన పెద్దాయనకు

మొన్న ఆదివారం ఇటలీలో పీసా నుంచి రైలెక్కి వియారెజ్జో కార్నివాల్‌కి వెళ్లాం, 1873లో మొదలైన పండగ కదా అని. సముద్రం ఒడ్డు రోడ్డు మీద మేడంత బొమ్మల బండ్లు, రంగు కాగితం ముక్కల వాన. ఆ జనంలో మా నాలుగేళ్ల పాప చెయ్యి జారిపోయింది. ఐదు నిమిషాలే, కానీ ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

దొరికేసరికి నవ్వుతోంది! జోకర్ వేషంలో ఉన్న ఒక పెద్దాయన తన కోటు దానికి కప్పి, చలికి వణుకుతూనే నేల మీద చతికిలబడి, మాస్కు తిరగేసి లోపల అంటించిన పాత పేపరు ముక్కల్లోని అక్షరాల మీద దాని వేలు పెట్టి చూపిస్తున్నారు, ఆ పెద్ద బొమ్మలూ ఇలా కాగితమేనమ్మా, భయం లేదు అన్నట్టు. నాకొచ్చిన ఒక్క ఇటాలియన్ మాట 'గ్రాత్సియె' (థాంక్స్) చెప్పేలోపే గుంపులో కలిసిపోయారు.

చాలా థాంక్సండీ. అలాంటి మాస్కు చేస్తానని పాప ఇంట్లో పేపర్లన్నీ చింపుతోంది, దానికి మాత్రం మీదే బాధ్యత.