2022 వార్షిక నివేదిక: పొగ రోజుల్లో మన సంఘం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు, తెలుగు బడి ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. ఈ నివేదికలో ఎక్కువగా అక్టోబర్‌లో సియాటిల్ ప్రాంతాన్ని కమ్మేసిన పొగ గురించి, అప్పుడు మన సంఘం చేసిన పని గురించే రాస్తున్నాం. ఈ ఏడాది మన ఇళ్ళకు నేరుగా ఉపయోగపడిన పని అదేనని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

సెప్టెంబర్ 10న సియాటిల్‌కు తూర్పున, క్యాస్కేడ్ కొండల్లోని స్కైకోమిష్ ఊరి దగ్గర బోల్ట్ క్రీక్ కార్చిచ్చు మొదలైంది. మామూలుగా పసిఫిక్ వైపు నుంచి వచ్చే పడమటి గాలి పొగను కొండల అవతలికి నెట్టేస్తుంది. కానీ అక్టోబర్ మధ్యలో తూర్పు గాలి వీచింది. క్యాస్కేడ్ కొండల్లో మండుతున్న అడవుల పొగ బెల్‌వ్యూ, రెడ్‌మండ్ మీదికి దిగింది. వేసవి నుంచీ వానలు దాదాపు లేవు. 16న సియాటిల్‌లో 88 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ కాసింది. ఆ వారాంతం జరగాల్సిన క్రికెట్ ఫైనల్, పిల్లల ఆటలు వాయిదా వేశాం. ఆ నిర్ణయం కొందరికి నచ్చలేదు. కానీ 19, 20 తేదీల్లో ప్రపంచంలోని పెద్ద నగరాల్లో అన్నిటికంటే చెడ్డ గాలి సియాటిల్‌దే అయింది. 21న వాన పడ్డాకే అందరికీ ఊపిరాడింది.

మా టెన్షనంతా ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మానాన్నలు, అత్తమామల గురించే. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళే అలవాటు వాళ్ళది. వాళ్ళలో ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళున్నారు. ఇంగ్లీషు హెచ్చరికలు పిల్లల ఫోన్లకే వస్తాయి, ఆ పిల్లలేమో ఆఫీసు మీటింగుల్లో ఉంటారు. అందుకని రాష్ట్ర పర్యావరణ శాఖ, మన ప్రాంతం గాలిని గమనించే ప్యూజెట్ సౌండ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీ ఇచ్చే అంచనాలు చూసి, రోజూ సాయంత్రం వాట్సాప్‌లో తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాం. రేపు గాలి నాణ్యత సూచీ ఏ రంగులో ఉంటుంది, పొగ ఏ వేళల్లో ఎక్కువ, బయటికి వెళ్ళొచ్చా లేదా, అంతే. ఆ సూచీ ఎంత పెరిగితే గాలి అంత చెడ్డది. అది 100 దాటి నారింజ రంగులోకి వస్తే పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు, జబ్బులున్నవాళ్ళు బయట తిరగడం తగ్గించుకోవాలి. 150 దాటి ఎరుపైతే ఎవరూ బయట ఎక్కువసేపు ఉండకూడదు.

పొగ అంచనా వేయడం వాన అంచనా కంటే కష్టం. మంట రేపు ఎంత రగులుతుందో, పొగ ఎంత ఎత్తుకు లేస్తుందో, గాలి ఎటు తిరుగుతుందో మూడూ సరిపోవాలి. ఎంత ముందు రోజులకు అంచనా వేస్తే దాని మీద నమ్మకం అంత తగ్గుతుంది కాబట్టి మర్నాటి సంగతే చెప్పాం. పొద్దున లేవగానే, ఎక్కడ ఎంత పొగ ఉందో చూపించే అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ ఎయిర్‌నౌ ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ చూసుకోమన్నాం. పెరట్లో పెట్టుకునే చిన్న సెన్సర్లు పొగలో అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. ఆ మ్యాప్ వాటి లెక్కను సరిచేసి ఇస్తుంది. ఇంకో సంగతి చాలామందికి కొత్త. ఈ కాలంలో రాత్రిళ్ళు నేల చల్లబడి పొగ కిందే నిలిచిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందన్న మన నమ్మకం ఆ రోజుల్లో పనికిరాదు.

మన హైస్కూల్ పిల్లలు 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్లకు సన్నటి పొగ రేణువుల్ని వడపోసే మెర్వ్ 13 రకం ఫిల్టర్లు టేపుతో బిగించి, పెద్దవాళ్ళున్న ఇళ్ళకు ఇచ్చి వచ్చారు. వాళ్ళకు కార్యవర్గం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. వాడుతూ ఉన్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, పాత ఫ్యాన్లు వద్దు. తలుపులన్నీ మూసినప్పుడు వేపుళ్ళు, అగరొత్తులు కూడా ఆ పొగ రోజుల్లో ఆపుకోవాలని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. సూచీ 150 దాటుతుందని అంచనా ఉంటే ఆరుబయట కార్యక్రమం ఏదైనా దానంతటదే వాయిదా పడాలి, దాని మీద మళ్ళీ చర్చ ఉండకూడదు. ఫిల్టర్లు, ఎన్95 మాస్కులు జూన్‌లోనే కొని పెట్టుకోవాలి, ఎందుకంటే పొగ వచ్చాక షాపుల్లో దొరకవు. వాయిస్ మెసేజ్‌లకు ఇంకా కొందరు వాలంటీర్లు కావాలి. ముందుకొచ్చేవాళ్ళు కార్యదర్శికి చెప్పండి.