ఫొటోలో సగం పడిన అమ్మాయి

సంపాదకుడు గారికి,

నమస్కారం. శిశు సంరక్షణ కేంద్రం ప్రారంభోత్సవం గురించి గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివిన రోజే ఈ లేఖ రాయవలసింది; కోపం చల్లారాక రాద్దామని ఆగాను గానీ అది చల్లారే సూచన కనబడలేదు. గోడల నిండా రంగుల బొమ్మలు, గదికి రెండు కెమెరాలు, రెండేళ్లవాళ్లకు అక్షరాలు నేర్పే పెద్ద తెర, రిబ్బను కత్తిరిస్తున్న అధికారి గారు, ఆయన చుట్టూ మరో పదిమంది, అన్నీ ఉన్నాయి. ఒక పసిబిడ్డను ఎత్తుకుని అంచున నిలబడిన అమ్మాయి మాత్రం ఫొటోలో సగమే పడింది, ఫొటో కింది పేర్లలో ఆమె పేరు లేదు. ఆ బిడ్డల్ని చూసుకునేవారు ఎందరు, వాళ్లు అక్కడ ఎన్నాళ్లు నిలుస్తారు అన్న ప్రశ్న మీ విలేఖరికి తట్టినట్టు లేదు.

మా మనవరాలిని పద్నాలుగో నెలలో ఒక డే కేర్‌లో చేర్చారు. పేరు రాయను, ఇది ఆ ఒక్క చోటి జబ్బయితే ఈ లేఖే అక్కరలేదు. అయిదు నెలల్లో ఆ గదిలో నలుగురు ఆయాలు మారారు. మొదటి ఆమెకు చేరిక కావడానికి పిల్లకు మూడు వారాలు పట్టింది. ఆమె మానేసిన వారమంతా గుమ్మం దగ్గరే కూర్చుని, తలుపు చప్పుడైన ప్రతిసారీ తలెత్తి చూసి, వచ్చింది ఆమె కాదని తెలిసి మళ్లీ దించుకునేది. నాలుగో ఆమె వచ్చేసరికి ఏడవడమే మానేసింది. "చూశారా, ఎంత బుద్ధిమంతురాలైందో!" అని నిర్వాహకురాలు మురిసిపోయారు. ఏడ్చినా ఎవరూ రారని ఏడాదిన్నర పిల్ల గ్రహించడాన్ని బుద్ధి అంటారని నాకు ఈ వయసులో తెలిసింది.

దీన్ని అమ్మమ్మ చాదస్తమని కొట్టిపారేసేవారికి ఒక మాట. అలవాటైన మనిషి ఎడబాటు పసివాళ్ల మనసును ఎంత దెబ్బతీస్తుందో బ్రిటన్‌కు చెందిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు 1951లోనే నివేదిక రాసి ఇచ్చారు. 1970లలో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ చేసిన ప్రయోగంలో, అంతవరకు ఆడించిన తల్లి కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చుంటే, నెలల పిల్లలు మొదట ఆమెను పలికించబోయి, చేతకాక ముఖం తిప్పేసుకున్నారు. అది కొద్ది నిమిషాల ముచ్చట. పదిమంది పసివాళ్లకు ఒక్కతే ఆయా ఉన్న గదిలో ఆ ముఖమే రోజంతా కనబడుతుంది. ఆమెకు ప్రేమ లేక కాదు, ఒకరికి డైపర్ మార్చేలోగా మరో ముగ్గురు ఏడుస్తుంటే ఎవరి కళ్లలోకని చూస్తుంది? ఇంగ్లాండులో రెండేళ్లలోపు వాళ్లు ముగ్గురికి ఒకరు ఉండాలన్నది నిబంధన. రెండేళ్లు నిండినవాళ్ల విషయంలో నలుగురికి ఒకరన్నది 2023లో అయిదుగురికి సడలించారు. ఏలినవారు ఎక్కడైనా ఏలినవారే.

ఈ మాట ఎత్తగానే, "అయితే తల్లి ఇంటిపట్టున ఉండవచ్చు కదా" అనే పెద్దమనుషులు సిద్ధంగా ఉంటారు. మా అమ్మాయి ఉద్యోగం మానదు, మానమని నేను అనను. పిల్లలు ఒకరికి మించి మనుషులతో ముడిపడగలరు, ఆ మనుషులు నిలకడగా ఉంటే చాలు. హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో పిల్లల వైద్యురాలు ఎమ్మీ పిక్లర్ 1946లో స్థాపించిన శిశుగృహంలో ప్రతి బిడ్డ బాధ్యతా ఒక నిర్దిష్ట సంరక్షకురాలిదిగా ఉండేది. బట్ట మార్చేటప్పుడు కూడా "ఇప్పుడు నిన్ను ఎత్తుకుంటాను" అని ముందుగా చెప్పి, బిడ్డ తన వైపు చూసేదాకా ఆగి, అప్పుడు ఎత్తుకునేవారు. దీనికి తెరలూ కెమెరాలూ అక్కరలేదు, తీరిక ఉన్న మనిషి కావాలి. ఆ మనిషికి బతకడానికి సరిపడే జీతం ఇవ్వకుండా, పిల్లల్ని ఆడించడం ఎవరికైనా వచ్చిన పనేనని తీసిపారేస్తూ, నాలుగు నెలలకే వెళ్లిపోయిందని ఆమెనే తప్పుపడతారు. మేము చూస్తుండగా తనిఖీకి వచ్చిన అధికారి మంటలార్పే సిలిండరు గడువు, కిటికీల కొలతలు, బొమ్మల సంఖ్య రాసుకుని (అవీ కావలసినవే), ఆయాతో ఒక్క మాటయినా మాట్లాడకుండా సంతకం పెట్టి వెళ్లారు. ఒకప్పుడు పత్రికలైనా ఇలాంటి సంతకాల వెనక ఏముందో ఆరా తీసేవి.

మీ విలేఖరిని ఆ కేంద్రానికి మళ్లీ పంపండి, అయితే ఆరు నెలలు ఆగి పంపండి. ఫొటో అంచున బిడ్డను ఎత్తుకుని నిలబడిన ఆ అమ్మాయి ఇంకా అక్కడే ఉంటే, ఆమె పేరు అడిగి అచ్చువేయండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ