ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పిల్లల వేసవి సెలవుల గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఫోన్ గేములు, వీడియో గేములు అన్నిటినీ ఒకే గాటన కట్టి ఇంట్లోంచి తీసిపారేయమని తేల్చేశారు. సగం నిజమే, మా అక్క కొడుకు ఫోన్ లాక్కుంటే అన్నం మానేస్తాడు. మిగతా సగం నేను చెప్తాను, ఎందుకంటే చిన్నప్పుడు ఆడిన గేమ్ ఒకటి బీరువాలోంచి తీసి ఇప్పుడు మళ్లీ ఆడుతున్నాను.

దాని పేరు యానిమల్ క్రాసింగ్: వైల్డ్ వరల్డ్. 2005లో నింటెండో డీఎస్ కోసం వచ్చింది, అంటే అరచేతిలో పట్టే రెండు తెరల మెషీన్. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమెరికా నుంచి బాబాయి తెచ్చాడు. అందులో కాల్చుకోవడాలు లేవు, గెలవడం అనేదే లేదు. జంతువులుండే ఊళ్లో మనకో ఇల్లుంటుంది, చేపలు పడతాం, ఇరుగుపొరుగుకి ఉత్తరాలు రాస్తాం, పురుగుల్ని పట్టి మ్యూజియంకి ఇస్తాం (ఆ మ్యూజియం చూసుకునే గుడ్లగూబకి పురుగులంటే హడల్!). ఇంటికి అప్పిచ్చేది ఊళ్లో కొట్టాయన. వడ్డీ లేదు, గడువు లేదు. అప్పట్లో పిసినారి అనుకునేదాన్ని, ఇప్పుడు నెలనెలా ఈఎంఐ కడుతున్నాను కాబట్టి ఆయన మీద గౌరవం పెరిగింది.

గేములో టైమ్ మన గడియారం ప్రకారమే నడుస్తుంది. బ్రాడీపేటలో మా సందు చివర భోగిమంట వేస్తుంటే ఆ ఊళ్లో నేలంతా మంచు. రాత్రయితే కొట్టు కట్టేస్తారు, ఇక పెద్దగా చేసేదేం ఉండదు, పోయి పడుకోవడమే.

అసలు చెప్పాల్సింది టర్నిప్ దుంపల సంగతి. ఆదివారం పొద్దున ఒక ముసలమ్మ, అంటే పందిలెండి, వచ్చి దుంపలు అమ్ముతుంది, ఒక్కోటి ఆ ఊరి డబ్బులో 90 నుంచి 110 వరకు ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే మళ్లీ దొరకదు. వాటిని సోమవారం నుంచి కొట్లో అమ్ముకోవచ్చు, ధర రోజుకి రెండుసార్లు మారుతుంది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. వచ్చే ఆదివారానికల్లా అమ్మకపోతే కుళ్లిపోతాయి. గడియారం వెనక్కి తిప్పి మోసం చేద్దామన్నా కుళ్లిపోతాయి!

మా నాన్న ఫిరంగిపురం దగ్గర మిర్చి వేసేవారు, మా చదువుల కోసం కాపురం గుంటూరులో పెట్టారు. సీజన్‌లో ఇంట్లో ఎప్పుడు చూసినా ఫోన్‌లో ఒకటే మాట, తేజ రకం ఎంత పలికింది, 334 రకం ఎంత, ఇవాళ యార్డుకి వేద్దామా కోల్డ్ స్టోరేజీలో పెడదామా అని. పక్క గదిలో నేను దుంపల ధర చూసుకుంటూ విసుక్కునేదాన్ని, మెల్లగా మాట్లాడొచ్చు కదా అని. ఇప్పుడు మళ్లీ ఆడుతుంటే దుంప ధర బుధవారం 80, గురువారం 72, శుక్రవారం ఇంకా కిందికి, శనివారం సాయంత్రం దాకా ఆశతో ఆగి చివరికి వచ్చినకాడికి అమ్మేశాను. నాకు పోయింది ఉత్తుత్తి డబ్బులే. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చినప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేసుకుని యార్డులో కూర్చున్నవాళ్లకి పోయినవి ఉత్తుత్తివి కావు. ఆ ఫోన్ల వెనక ఎంత టెన్షన్ ఉండేదో నాకు ఈ దుంపల దగ్గర అర్థమైంది.

ఇన్నేళ్లు వదిలేస్తే ఊరు ఏమైందనుకున్నారు? అడుగు తీసి అడుగు వేస్తే కలుపు, ఇంట్లో బొద్దింకలు, పాత పొరుగువాళ్లలో ఒకరు ఊరు వదిలిపోయారు. ఉన్నవాళ్లు ఇన్నాళ్లూ ఏమైపోయావని అడిగారు. అంతే. కలుపు పీకేశాను, మళ్లీ మొదలు. ఇన్నేళ్లలో ఈ గేమ్ ఒక్కసారి కూడా రమ్మని నోటిఫికేషన్ పంపింది లేదు, రానందుకు ఏదో పోయిందని బెదిరించింది లేదు, కొన్నప్పుడు ఇచ్చిన డబ్బు తప్ప పైసా అడిగింది లేదు. మా అక్క కొడుకు ఫోన్‌లో గేమ్ చూడండి, గంటకోసారి మోగుతుంది, ఇవాళ రాకపోతే బహుమతి పోతుందంటుంది, రత్నాలు కొనమంటుంది. విచిత్రం ఏంటంటే 2017లో ఇదే యానిమల్ క్రాసింగ్‌ని ఫోన్‌కి తెచ్చినప్పుడు నింటెండో వాళ్లూ అసలు డబ్బుతో టికెట్లు కొనుక్కునే పద్ధతే పెట్టారు. 2024 నవంబర్‌లో దాన్ని ఆపేసి, ఒక్కసారి కొంటే చాలన్న రకం తెచ్చారు. కాబట్టి మంచి గేము, చెడ్డ గేము అని పేరును బట్టి చెప్పలేం, అది పిల్లాడిని ఎలా పట్టుకుంటుందో చూడాలి.

2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల్ని నిషేధించింది, మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ల మీద పడింది. మంచిదే. అయితే వాటి గురి పందేల మీద. పందెం లేకుండా పదేళ్ల పిల్లాడి చేత రత్నాలు కొనిపించేవాటి సంగతి తల్లిదండ్రులే చూసుకోవాలి, వాళ్లకి చెప్పేవాళ్లేమో లేరు.

అందుకని నా కోరిక ఒకటి. శుక్రవారం సినిమా రాగానే శనివారానికి రివ్యూ వేస్తారు కదా, ఆ పక్కనే గేములకీ పావు పేజీ ఇవ్వండి. గ్రాఫిక్స్ గొడవ వద్దు. నెట్ లేకుండా ఆడొచ్చా, ఆడుతుంటే మధ్యలో డబ్బులడుగుతుందా, పిల్లాడు పక్కన పెట్టేస్తే ఊరుకుంటుందా, ఈ మూడూ రాస్తే మా అక్కలాంటివాళ్లకి చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు